ఇరవైకి ఇరవై

మా మామగారు ముప్ఫై నాలుగేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పారు. కథలూ పద్యాలూ ఉన్న పెద్ద తరగతులు ఎప్పుడూ వేరేవాళ్లకే వెళ్లేవి. ఈయన వంతుకు వచ్చింది ఆరు, ఏడు తరగతుల వ్యాకరణం. నామవాచకం ముందు ఎ పెట్టాలా, యాన్ పెట్టాలా, ది పెట్టాలా. మచ్ ఎక్కడ, మెనీ ఎక్కడ. ఎ లిటిల్ అంటే ఎంత, ఎ ఫ్యూ అంటే ఎన్ని. ఏడాది తర్వాత ఏడాది ఇవే పాఠాలు. విసుగు రాలేదా అని ఒకసారి అడిగాను.

"పెద్ద మాటలు డిక్షనరీ చూసుకుని ఎవరైనా వాడతారు అల్లుడుగారూ. పరువు పోయేది ఈ చిల్లర మాటల దగ్గరే," అన్నారు.

నా పరువు ఆయన దగ్గర మొదటిరోజే పోయింది. పెళ్లి మాటలకని మా ఇంటికి వచ్చినాయన లోపలికి రాకుండా వీధిలోనే నిలబడిపోయారు. మా ముందుగదే నా జిరాక్స్ కొట్టు. బోర్డు మీద నేను సొంతంగా కూర్చిన ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉండేది. దాన్ని రెండుసార్లు చదివి, "బాబూ, ఇందులో ఒక 'ది' ఎక్కువైంది. పారేస్తారా, మా పిల్లలకి పట్టుకుపోనా?" అని అడిగారు. ఆ వారంలోనే దాని మీద రంగు పూయించాను. తర్వాతి వారం సంబంధం ఖాయమైంది. ఒకదానివల్ల ఒకటి జరిగిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా అత్తగారు పోయాక ఆయన మా దగ్గరికే వచ్చేశారు. మాకు పిల్లల్లేరు. ముగ్గురం పెద్దవాళ్లమే కాబట్టి ఇల్లు ఎప్పుడూ సర్దినట్టే ఉండేది. మా ఆవిడ దుస్తుల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర పనిచేస్తుంది. చొక్కా చేతికి వస్తే బొత్తాలు, కుట్లు, కాజాలు చూసి, బాగుంటే ఇటు, బాగాలేకపోతే అటు వేయడం ఆవిడ పని. చిన్నప్పటినుంచీ అదే స్వభావమట. నాన్న బడికి బయల్దేరుతుంటే పెన్నులో సిరా ఉందా, కళ్లజోడు తుడుచుకున్నాడా, సైకిల్లో గాలి ఉందా అని చూసి మరీ పంపించేదట. అందుకని ఆయన కూతురికి హెడ్మాస్టరమ్మ అని పేరు పెట్టారు. నలభై ఆరేళ్లొచ్చినా ఆవిడకి ఆ పేరు పోలేదు. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే, "హెడ్మాస్టరమ్మ వచ్చింది, లేవండి లేవండి," అంటూ ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవారు. చేతిలో ఏ పని ఉన్నా నేనూ లేవాల్సిందే. ఆవిడ, "ఊరుకో నాన్నా, వీధిలో వింటారు," అని కసురుతూనే కాస్త నెమ్మదిగా నడిచేది.

ఒకరోజు పొద్దున మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి ఆయన ఒరిగిపోయారు. పక్షవాతం. పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. కుడికాలు కొంత తేరుకుంది, కుడిచెయ్యి రాలేదు. మాట పూర్తిగా పోలేదు. పూర్తిగా పోయి ఉంటే మేము ఇంకో రకంగా సర్దుకునేవాళ్లమేమో. మనం చెప్పేది చాలావరకు ఆయనకు అర్థమయ్యేది. అది, ఇది, ఇంకా, వద్దు, కొంచెం అనే మాటలు నోటికొచ్చేవి. పోయినవి పేర్లు. గ్లాసు, తువ్వాలు, తలుపు, కిటికీ, ఒక్కటీ లేదు. తెలుగులోనూ లేదు, ఇంగ్లీషులోనూ లేదు. మనుషుల పేర్లూ అంతే. "కొంచెం... అదీ... కొంచెం," అని ఆయన చెయ్యి చాస్తే, మా ఆవిడ నీళ్లు తెచ్చేది, మందు తెచ్చేది, దుప్పటి తెచ్చేది, ఫ్యాను వేసేది. ఆయన తల అడ్డంగా ఊపుతూ ఊపుతూ చివరికి కళ్లు మూసుకునేవారు. ఏది కొంచెం కావాలో మాకు తెలిసేది కాదు.

ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం ఆవిడ ఫ్యాక్టరీనుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను లేచాను. ఆయన ఆవిడవైపు చూశారు, నోరు తెరిచారు. నాలుక కదిలింది. ఏదీ రాలేదు. ఆవిడ చెప్పులు విప్పుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నాకు ఇంకేమీ వద్దండీ," అంది నాతో, పొయ్యివైపు తిరిగి. "లేచి నిలబడక్కర్లేదు. నడవకపోయినా ఫర్లేదు, నేను చూసుకుంటాను. ఆ ఒక్క పిలుపూ ఒక్కసారి పిలిస్తే చాలు."

ఆస్పత్రిలో మాట వైద్యం చేసే అమ్మాయి ఒకరున్నారు. మా ఇంట్లో ఆవిడని మాటల టీచరమ్మ అనుకునేవాళ్లం. చిన్న వయసే గానీ చెప్పే విషయం ఖచ్చితంగా చెప్పేది.

"మొదటి ఆరు నెలలు చాలా ముఖ్యం అంకుల్. తర్వాత అసలు రాదని కాదు, కానీ బాగా నెమ్మదిస్తుంది. అందుకని ఇప్పుడే కష్టపడాలి. ఇవి ఇంట్లో వస్తువుల బొమ్మలు, అరవై ఉన్నాయి. పొద్దున పది, సాయంత్రం పది. బొమ్మ చూపించండి, వీలైతే ఆ వస్తువే చేతికివ్వండి. ఇదేంటి అని అడగండి. మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా ఆగండి. మీరు మాత్రం చెప్పకండి. ఆయన వెతుక్కోవాలి. ఆ వెతుక్కోవడమే మందు. ఆరు నెలలు నిండగానే మళ్లీ తీసుకురండి, చూస్తాను."

"కోపం వస్తే అమ్మా?" అని అడిగాను.

"వస్తుంది. ఏడుస్తారు కూడా. మీరు ఆగాలి."

బొమ్మల కాగితాలు నేను కొట్టుకు తీసుకొచ్చి రంగుల్లో కాపీ తీశాను. ఒక్కొక్కటీ విడిగా కత్తిరించి లామినేషన్ చేశాను, మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కోశాను. ఇరవై రెండేళ్ల నా పనిలో అంత శ్రద్ధగా చేసింది ఇంకొకటి లేదు. దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని మరీ మొదలుపెట్టాను.

పగలు ఇంట్లో ఉండేది నేనే కాబట్టి ఆ పని నాది. మొదటి బొమ్మ చెంచా. చెంచా కూడా చేతికిచ్చాను. "ఇదేంటి మామయ్యగారూ?" అన్నాను. ఒకటి, రెండు, మూడు... పది దాటేసరికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. పద్నాలుగు దగ్గర పెదవి వణికింది. పెళ్లయిన కొత్తలో నాచేత నలభై వాక్యాలు రాయించి, ఒక్క తప్పుకు రెండు రోజులు ఏడిపించిన మనిషి, ఒక చెంచా ముందు దోషిలా కూర్చున్నారు. "చెంచా మామయ్యగారూ, చెంచా," అనేశాను. ఆయన చెంచాను గోడకేసి కొట్టారు. తర్వాత తలదించుకుని ఏడ్చారు.

అలా మొదటి పది బొమ్మలతోనే మూడు వారాలు గడిచాయి. నేను ఏ రోజూ ఇరవైదాకా లెక్కపెట్టలేదు. సెలవురోజుల్లో మా ఆవిడ కూర్చునేది. ఆవిడ సంగతి ఇంకా అన్యాయం. "చెం... చెం... చెంచా కదా నాన్నా," అని తనే పూర్తిచేసి, కళ్లు తుడుచుకుంటూ లేచిపోయేది.

రెండో నెలలో ఒక సెలవురోజు మా వీధి చివర సెలూన్ అతను గడ్డం గీయడానికి ఇంటికి వచ్చాడు. మామగారి పాత శిష్యుడే. నోరు ఊరుకోదు.

"మాస్టారూ, ఈ అరచెయ్యి గుర్తుందా? మీ స్కేలు దీని మీద ఎన్నిసార్లు పడిందో! అందుకే ఇప్పుడు కత్తి వణక్కుండా పడుతోంది."

మామగారు నవ్వారు. ఎడమవైపు మాత్రమే.

"'హానెస్ట్ మాన్' ముందు ఏం పెట్టాలో తెలీక నాలుగు దెబ్బలు తిన్నాను. ఇప్పటికీ తెలీదనుకోండి. ఆ మనిషి కూడా నాకు ఎక్కడా తగల్లేదు. ఏం పెట్టాలి మాస్టారూ? ఎ నా?"

సబ్బు నురగలోంచి "యాన్" అని వచ్చింది.

అతని చేతిలో కత్తి ఆగిపోయింది. నేను కుర్చీలోంచి లేచాను.

"యూనిఫారం ముందు మాస్టారూ?"

"ఎ."

"సన్ ముందు? ఆకాశంలో సన్ను?"

"ది." గొంతు బడిలో గొంతే. విసురు కూడా అదే.

మా ఆవిడ వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చి ఆయన ముందు కూలబడింది. "నాన్నా! మాట వచ్చింది నాన్నా! నేనెవర్ని? నేనెవర్ని చెప్పు?"

ఆయన ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశారు. "కొంచెం," అన్నారు.

సెలూన్ అతను మిగతా సగం గడ్డం మాట్లాడకుండా గీసి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రోజునుంచి ఒక దారి దొరికిందనిపించింది.

మామగారి దగ్గర బైండు చేయించిన ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. ముప్ఫై నాలుగేళ్లుగా ఆయన సొంతంగా తయారుచేసిన ఖాళీలు పూరించే వాక్యాలు అందులో ఉన్నాయి. పేజీకి ఇరవై. పాత్రలో ఎన్ని నీళ్లున్నాయి, చెట్టుకు ఎన్ని కాయలున్నాయి, ఏది వేలు చూపించి లెక్కపెట్టాలి, ఏది గిన్నెలో పట్టి కొలవాలి, అన్నీ పిల్లల ఇళ్లలోంచి తీసిన సంగతులే. జవాబులు ఎర్రసిరాలో ఉండేవి. పేజీ అడుగున ఒక మూల మార్కులకు చోటు, ఇంకో మూల 'ప్రధానోపాధ్యాయుల సంతకం' అని గీత. 

ఎర్రసిరా జవాబుల మీద సన్నటి తెల్లకాగితం ముక్కలు అతికించి కాపీ తీస్తే ఖాళీలు మళ్లీ ఖాళీలయ్యేవి. రోజుకో పేజీ తీసి ఆయన ముందు పెట్టేవాణ్ణి. ఎడమచేత్తో, వంకరటింకర అక్షరాలతో రాసేవారు. మొదటిరోజు ఇరవైకి పద్నాలుగు. వారం తిరిగేసరికి పద్దెనిమిది. మూడో వారంలో ఇరవైకి ఇరవై.

ఎర్రపెన్నుతో నేను మార్కులు వేస్తుంటే ఆయన ముందుకు వంగి చూసేవారు. ఇరవై అని వేసి కింద గీత గీయగానే ఆ అంకె మీద వేలు పెట్టి అలాగే ఉంచేవారు. ఆ ముఖం చూసినవాళ్లెవరికైనా మళ్లీ చెంచా పట్టుకెళ్లి ఎదురుగా కూర్చోబుద్ధి కాదు. నాకూ కూర్చోబుద్ధి కాలేదు. పొద్దున పది బొమ్మలు అయిదయ్యాయి. అయిదు రెండయ్యాయి. తర్వాత ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. బొమ్మలు సంచిలో పెట్టి బీరువాలో పెట్టాను.

సాయంత్రం ఆవిడ వస్తూనే అడిగేది. "ఎన్నండీ ఈ రోజు?"

"ఇరవైకి పంతొమ్మిది. ఒక 'సమ్' దగ్గర తడబడ్డారు."

"బొమ్మలు?"

"పొద్దున బొమ్మలు, మధ్యాహ్నం నోటుబుక్కు," అన్నాను. అలా అన్నది ఒక్కసారే. తర్వాత ఆవిడ అడగలేదు. అడగకపోతే చెప్పనక్కర్లేదని నేను ఊరుకున్నాను.

ఒక ఇరవై మార్కుల కాగితాన్ని కొట్టు అద్దానికి అతికించాను. వచ్చినవాళ్లందరూ చదివేవారు. ఉద్యోగానికి దరఖాస్తు కాపీ తీయించుకోవడానికి వచ్చిన ఒకాయన, "మాస్టారు కోలుకున్నారన్నమాట. నా దరఖాస్తు కూడా ఒకసారి చూపించండి," అన్నాడు. చూపించాను. మామగారు ఎడమచేత్తో రెండుచోట్ల 'ది' కొట్టేసి, ఒకచోట 'ఎ' చేర్చారు. అతను ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఎవరి దరఖాస్తో, ఏ ఉద్యోగమో మామగారికి తెలియదు. ఆ కాగితంలో మూడు చిన్నమాటలు దారిన పడ్డాయి, అంతే. కానీ వీధి మొత్తం మాస్టారికి మాట వచ్చేసిందని చెప్పుకుంది. పొద్దునే పటం ముందు నిలబడి దేవుడికి నేను కృతజ్ఞతలు కూడా చెప్పేశాను. ఇంకా ఇవ్వనిదానికి.

నాలుగో నెలలో ఒకరోజు వాన. తడిసిన గొడుగు తెచ్చి మూలన ఆరబెడుతుంటే ఆయన దానివైపు చెయ్యి చాపారు.

"యాన్..." అన్నారు.

నేను కదలకుండా నిలబడ్డాను. అడక్కుండానే ఒక వస్తువుకు సరిపడేలా ఆయన అన్న మొదటి మాట అది. అంటే గొడుగు ఆయన లోపల ఉంది. దాని ముందు నడిచే మాట బయటికొచ్చింది, గొడుగు గుమ్మం వెనకే ఉంది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. గొంతులో ఏదో పైకీ కిందికీ కదిలింది.

"యాన్... యాన్..."

అయిదు కూడా లెక్కపెట్టానో లేదో. ఆనందం పట్టలేక, "అంబ్రెల్లా! గొడుగు మామయ్యగారూ! గొడుగే!" అని అరిచాను. ఆయన నన్ను చూసి తలూపారు. గొంతులో కదిలింది ఆగిపోయింది. నేను లోపలికి వెళ్లి కాగితం తెచ్చి, మూలన ఒక మార్కు అదనంగా వేసి చూపించాను. ఎడమవైపు నవ్వారు.

ఆ సాయంత్రం మా ఆవిడకి చెబితే ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. "ఇంకెంతో దూరం లేదండీ," అంది. "గొడుగు వచ్చినవాడికి నేను రానా?"

ఆరు నెలలు నిండిన వారంలో ఆస్పత్రికి వెళ్లాం. ఆవిడ ఆ రోజు సెలవు పెట్టింది. ఉతికి పెట్టిన చీర కట్టుకుంది, నాన్నకు తెల్లచొక్కా వేసి బొత్తాలు తనే పెట్టింది, ఒకటికి రెండుసార్లు చూసింది. బీరువాలోంచి బొమ్మల సంచి తీసి చేతిలో పట్టుకుంది. నేను మార్కుల కాగితాలన్నీ కుట్టి ఒక పుస్తకంలా చేసి పట్టుకెళ్లాను. నూట పదకొండు కాగితాలు.

మాటల టీచరమ్మ గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడ మీద గడియారం. పళ్లెంలో పది వస్తువులు పెట్టి తెచ్చింది. దువ్వెన, తాళంచెవి, కప్పు, చెంచా, కత్తెర, సబ్బు, పెన్ను, బొత్తాం, అద్దం, తాళం. మొదటి నెలలో ఇవే పదింటిలో ఆయన రెండు చెప్పారట. టీచరమ్మ దగ్గర రాసి ఉంది.

కప్పు పట్టుకుంది. ఆగింది. నేను లోపల లెక్కపెట్టాను. ఇరవై అంటే ఎంత పొడుగో నాకు అప్పుడు తెలిసింది. గడియారం చప్పుడు వినబడుతోంది. మామగారు నావైపు చూశారు. నా చేతులవైపు చూశారు. కాగితం కోసమని నాకు అర్థమైంది.

పది వస్తువులయ్యేసరికి అరగంట పట్టింది. పెన్ను ఒక్కటి చెప్పారు. మిగతావాటిలో కొన్నింటికి "ఎ" అన్నారు, సబ్బుకు "సమ్" అన్నారు. అన్నీ సరైనవే. టీచరమ్మ రాసుకుని, "బొమ్మలు ఒకసారి చూస్తానమ్మా," అంది.

మా ఆవిడ సంచి ఇచ్చింది. టీచరమ్మ బొమ్మల కట్ట బయటికి తీసి మధ్యలోంచి ఒక బొమ్మ లాగబోయింది. కిందది దానితోపాటే వచ్చింది. కొత్త లామినేషన్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటుంది. రోజూ చేతులు మారితే ఆ అతుకు పోతుంది, మెరుపు తగ్గుతుంది, మూలలు పొరలుగా విడిపోతాయి. ఇవి విడదీస్తుంటే టప్ టప్ మని చప్పుడు చేశాయి. పై పదీ తప్ప అరవైలో ఒక్కదాని మీద కూడా వేలిముద్ర లేదు.

"ఇవి మళ్లీ కొత్తగా చేయించారా అంకుల్?" అని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది.

మా ఆవిడ ఒక బొమ్మ అందుకుంది. చొక్కాను చూసినట్టు ముందూ వెనకా తిప్పి చూసింది, అంచు వెంబడి బొటనవేలు నడిపింది. బల్ల మీద పెట్టేసింది.

నేను కుట్టిన పుస్తకం ముందుకు జరిపాను. టీచరమ్మ నాలుగు పేజీలు తిప్పింది. "ఇది ఆయనకి ముప్ఫై నాలుగేళ్ల అలవాటు అంకుల్. దెబ్బ తగలని చోట ఉంది. దీన్ని ఎంత చేయించినా ఇదే బాగుంటుంది. పక్కదానికి పాకదు," అంది. గొడుగు సంగతి చెప్పాను. "అప్పుడు ఆగాల్సింది," అంది. తర్వాత, "ఆగినా వచ్చేదని నేను ఖాయంగా చెప్పలేను. ఇక తొందరపెట్టి లాభం లేదు. రెండు నెలలకోసారి రండి," అని కాగితం రాసిచ్చింది.

బస్సులో మామగారు కిటికీ పక్కన కూర్చున్నారు. ఆవిడ ఆయన పక్కన. నేను వెనక సీట్లో. దారంతా ఆవిడ మెడ ఒక్కసారి కూడా నావైపు తిరగలేదు.

ఇంటికొచ్చాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చింది. నేను వెంట వెళ్లాను.

"తిట్టు," అన్నాను.

"ఎందుకు తిట్టడం? తిడితే నాలుగు నెలలు వస్తాయా?"

"ఆయన ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"నేను చూశానా? నేనూ చూడలేకే కదా మీకు వదిలేశాను." గిన్నె కడుగుతోంది. అప్పటికే కడిగిన గిన్నె అది. "అది కాదండీ. నాకు రోజూ ఆ మార్కులు ఎందుకు చెప్పారు?"

"నువ్వు నవ్వుతావని."

ఆవిడ కొళాయి కట్టేసింది. "నవ్వాను కదా," అంది.

పటం గోడకు ఉంది. వెళ్లి నిలబడ్డాను. మామూలుగా అయితే ఏదో ఒకటి అడుగుతాను. ఆ రోజు అడగడానికి కాదు, తెలుసుకోవడానికి నిలబడ్డాను. పెద్దవన్నీ తీసుకున్నవాడివి ఈ చిల్లర మాటలు ఎందుకు వదిలిపెట్టావయ్యా? వీటిని పట్టుకుని మేము ఎక్కడికి వెళ్లాలని? నన్ను మోసం చేశావనను. మోసపోవడానికి నేనే తొందరపడ్డాను. కానీ నీకు తెలుసు కదా నా గుణం. తెలిసి కూడా ఆ 'యాన్' ఎందుకు అనిపించావు?

జవాబు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. వచ్చే జవాబుల్ని నేను నమ్మను కూడా.

తిరిగి వచ్చేసరికి ఆవిడ ముక్కాలిపీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. చేతిలో చెంచా ఉంది. "ఇదేంటి నాన్నా?" అంది. ఆవిడ పెదవులు లోలోపల కదలడం నాకు కనబడింది. ఒకటి, రెండు... ఆయనకు చెమట పట్టింది. ఆవిడకీ పట్టింది. పద్నాలుగు దాటింది. పదిహేడు దాటింది. పెదవి కొరుక్కుంది గానీ చెప్పలేదు. ఇరవైదాకా లెక్కపెట్టింది. మా ఇంట్లో అంతదూరం వెళ్లింది ఆవిడొక్కతే, అదీ ఆ రోజే.

చెంచా ఒళ్లో పెట్టుకుంది. తన గుండె మీద వేలు పెట్టుకుంది.

"నేనెవర్ని నాన్నా?"

మళ్లీ లెక్కపెట్టింది. ఆయన కళ్లు ఆవిడ ముఖమంతా తిరిగాయి, నుదురు, ముక్కు, గడ్డం, పాత ఇంట్లో పోయిన వస్తువు వెతుక్కున్నట్టు. నోరు తెరుచుకుంది. ఎడమచెయ్యి పైకి లేచింది. ఆవిడ చెంపవైపు వచ్చింది. ఆ చెయ్యి చెంప పక్కనుంచి, భుజం మీదుగా దాటి, వెనక బల్ల మీదున్న ఖాళీల కాగితాల కట్టవైపు సాగింది.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. అర్థమైంది. ఒక కొత్త కాగితం తీసి ఆయన ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చింది.

ఆయన రాశారు. తడుముకోలేదు. ఎ, ది, ఎ ఫ్యూ, మచ్, సమ్, యాన్. చెమట ఆరిపోయింది. అయ్యాక కాగితాన్ని ఆవిడవైపు తోశారు. ఆవిడ ఎర్రపెన్ను తీసుకుని ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టుకుంటూ చూసింది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషంతా ఆయన చెప్పిందే. తప్పు దొరుకుతుందేమో అన్నంత శ్రద్ధగా చూసింది. దొరకలేదు. ఇరవైకి ఇరవై వేసింది. తర్వాత పేజీ అడుగున ప్రధానోపాధ్యాయుల సంతకం అని ఉన్నచోట, ఇన్ని నెలలూ నేను ఖాళీగా వదిలేసిన గీత మీద, 'హెడ్మాస్టరమ్మ' అని పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో రాసింది. రాసి కాగితం తిప్పి ఆయనకు చూపించింది.

ఆయన ఇరవై మీద వేలు పెట్టారు. కాసేపు అలాగే ఉంచారు. కింది మూలకు చూపు వెళ్లలేదు. కాగితాన్ని వెనక్కి తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు.

ఇంకో కాగితం కోసం చెయ్యి చాచారు. కట్టలో అదే ఆఖరిది. నేను ముందుగదిలోకి వెళ్లి జిరాక్స్ మిషన్ వేశాను.